కీలెస్ కారు అయితే దొంగల పని సులువవుతుందా? కారు కీలు చేసేవాడి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కొత్త కారు బుక్ చేయబోతున్నారు. టాప్ వేరియంట్‌లో స్మార్ట్ కీ, పుష్ బటన్ స్టార్ట్ ఉన్నాయి. ఒక మెట్టు కింది వేరియంట్‌కి మామూలుగా తిప్పే కీ. మీకు సెల్లార్ పార్కింగ్ లేదు, రాత్రంతా బండి ఇంటి ముందు రోడ్డు మీదే ఉంటుంది. "కీలెస్ అయితే ఇంట్లో ఉన్న కీ సిగ్నల్ పట్టుకుని నిమిషంలో ఎత్తుకుపోతారట, తిప్పే కీ ఉన్నదే తీసుకో" అని మీ నాన్నగారు అంటున్నారు. అందులో నిజమెంత అని అడిగారు.

నాన్నగారి మాట అబద్ధం కాదు. కాకపోతే అది లండన్‌లో కారు పెట్టుకున్నవాళ్లకి వర్తించినంతగా కూకట్‌పల్లిలో పెట్టుకున్నవాళ్లకి వర్తించదు. మన దగ్గర కారు పోయే ముఖ్యమైన దారి వేరు. ఆ దారి తిప్పే కీ ఉన్న కారులోనూ తెరిచే ఉంటుంది. నేను కారు కీలు, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) రిపేర్లు చేస్తాను. కీ పోగొట్టుకున్నవాళ్లకి కొత్తది ప్రోగ్రామ్ చేసివ్వడమే రోజూ చేసే పని. అంటే దొంగ చేసే పనిలో సగం నేను పగటిపూట, ఆర్సీ, ఆధార్ జిరాక్సులు తీసుకుని, బిల్లు రాసిచ్చి చేస్తాను. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. షోరూమ్‌లో "కీలెస్" అని మూడు వేర్వేరు వాటిని కలిపి చెబుతుంటారు. ఒకటి, చేతిలో బటన్ నొక్కితే తాళం పడే రిమోట్. తిప్పే కీ ఉన్న కార్లలో కూడా ఇది చాలావాటికి ఉంటుంది. రెండోది, కీ జేబులోంచి తీయకుండా తలుపు హ్యాండిల్ మీద చిన్న బటన్ నొక్కితే తెరుచుకునేది. మూడోది, కీ కారు లోపల ఉంటే చాలు, డాష్‌బోర్డు మీద బటన్‌తో ఇంజిన్ స్టార్ట్ అయ్యేది. నాన్నగారు భయపడుతున్నది రెండు, మూడు గురించి. మొదటిదానికున్న గొడవ వేరే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

స్మార్ట్ కీ విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032. ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డు మీద ఒక పక్కన వేలిగోరంత నల్లటి చదరపు ముక్క. ఆ ముక్కలో వెంట్రుకంత సన్నటి రాగి తీగ మూడు దిక్కుల్లో చుట్టి ఉంటుంది. కీ జేబులో నిలువుగా ఉన్నా, హ్యాండ్‌బ్యాగులో అడ్డంగా పడి ఉన్నా కారు పిలుపు దానికి అందాలి కదా, అందుకని మూడు వైపులా చుడతారు. మీరు హ్యాండిల్ బటన్ నొక్కగానే కారు యాంటెన్నా 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక సిగ్నల్ వదులుతుంది. ఇది కావాలనే బలహీనంగా ఉంచిన సిగ్నల్, ఒకటి రెండు మీటర్లు దాటి పోదు. అది తగలగానే కీ నిద్ర లేస్తుంది. కారు పంపిన ఒక అంకెని తీసుకుని, తన దగ్గర దాచిన రహస్య కోడుతో లెక్క కట్టి, జవాబు తిరిగి పంపుతుంది. ఆ జవాబు వెళ్లేది మన దేశంలో, యూరప్‌లో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద, అమెరికా, జపాన్ బండ్లలో ఎక్కువగా 315 మీద. ఇది మాత్రం పదుల మీటర్లు పోతుంది. లెక్క సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. లోపల కూర్చుని బటన్ నొక్కితే మళ్లీ ఇదే సంభాషణ.

లొసుగు ఎక్కడుందంటే, "నువ్వు నా కీవేనా" అని కారు గట్టిగానే అడుగుతుంది. "నువ్వు పక్కనే ఉన్నావా" అని అడగడం మాత్రం పాత తరం బండ్లకి రాదు. నా చిన్న సిగ్నల్ విన్నది కాబట్టి పక్కనే ఉండి ఉంటుందని అనుకుంటుంది. ఫోనులో అమ్మ గొంతు వినపడితే మాట్లాడేది అమ్మే గానీ, అమ్మ పక్క గదిలో ఉందని కాదు కదా. దొంగలు ఆ ఫోను పనే చేస్తారు. ఒకడు కారు పక్కన, ఇంకొకడు మీ ఇంటి గోడ పక్కన నిలబడతాడు. కారు పిలుపుని మొదటివాడి పెట్టె పట్టుకుని రెండోవాడి పెట్టెకి పంపుతుంది, అది గోడ అవతల టీవీ స్టాండు మీదున్న మీ కీకి వినిపిస్తుంది. కీ నిజాయితీగా సరైన జవాబే ఇస్తుంది. దీన్నే రిలే ఎటాక్ అంటారు. ఇక్కడ కోడుని ఎవరూ ఛేదించలేదు కాబట్టి ఎంత గట్టి కోడు పెట్టినా ప్రయోజనం లేదు.

ఇది ఊహాగానం కాదు, పాత సంగతే. జూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు ఎనిమిది కంపెనీలకి చెందిన పది మోడళ్ల మీద దీన్ని ప్రయోగించి, పదింటిలోనూ పనిచేసిందని 2011లో ప్రచురించారు. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ 2016లో 24 మోడళ్లు పరీక్షిస్తే వేటినీ నిలవనీయలేదు. తెరవడమో, నడుపుకుపోవడమో, లేదంటే రెండూనో చేయగలిగారు. 2017లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ పోలీసులు సోలిహల్‌లో ఒక ఇంటి ముందు తీసిన సీసీటీవీ వీడియో బయటపెట్టారు. ఒకడు మెర్సిడెస్ పక్కన, ఇంకొకడు ఇంటి తలుపు దగ్గర పెట్టె పట్టుకుని తిరుగుతుంటాడు. దాదాపు నిమిషంలో బండి వెళ్లిపోతుంది. మీ నాన్నగారి వాట్సాప్‌లోకి వచ్చింది బహుశా ఆ వీడియోయే, లేదా దాని తోబుట్టువు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి స్టార్ట్ అయ్యాక కీ దూరమైనా ఇంజిన్ ఆగదు. నడుస్తున్న బండిలో కీ బ్యాటరీ అయిపోతే హైవే మధ్యలో ఆగిపోకూడదని కంపెనీలే అలా పెట్టాయి. "కీ దొరకడం లేదు" అని డాష్‌బోర్డులో కూత పెట్టి ఊరుకుంటుంది. దొంగకి అది వరం. మనకి మాత్రం అప్పుడప్పుడు శాపం: భర్తని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి భార్య బండి నడుపుకుంటూ ఇంటికి వచ్చేస్తుంది, కీ ఆయన జేబులో విమానం ఎక్కేస్తుంది. ఇంజిన్ ఆపాక గానీ విషయం బయటపడదు. తోవలో ఎక్కడైనా పెట్రోలు బంకులో ఆపితే ఇక అక్కడే. అలాంటి ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి.

మరి మన ఊళ్లలో ఇది ఎందుకంత కనిపించదు? బ్రిటన్‌లో ఇల్లు, ఇంటి ముందు ఆరడుగుల దూరంలో కారు, లోపల తలుపు పక్కనే కీ తగిలించే కొక్కెం. రిలేకి అంతకన్నా అనుకూలం ఇంకోటి ఉండదు. మన దగ్గర ఎక్కువమందిది అపార్ట్‌మెంట్, బండి సెల్లార్‌లో, కీ నాలుగో అంతస్తులో. కీ ఉన్న చోటికి కొన్ని అడుగుల దూరంలోకి దొంగ పెట్టె రావాలి కాబట్టి ఇక్కడ కుదరదు. కానీ మీది ఇండిపెండెంట్ ఇల్లు, బండి రోడ్డు మీద అంటున్నారు. కీ హాల్లో చెప్పుల స్టాండు పైన పెడుతుంటే మీ ఇల్లు సోలిహల్ ఇంటికి పెద్ద తేడా లేదు. అందుకే నాన్నగారి మాట కొట్టిపారేయడం లేదు.

ఇక రిమోట్ సంగతి. "మనం బటన్ నొక్కినప్పుడు ఎవడో సిగ్నల్ రికార్డు చేసి తర్వాత వాడుకుంటాడు" అనే భయం ఎక్కువగా వింటుంటాను. పాతకాలపు గేటు రిమోట్లకి ఇది నిజమే. కార్లకి మాత్రం రోలింగ్ కోడ్ వచ్చి చాలా ఏళ్లయింది, నొక్కిన ప్రతిసారీ కోడు మారుతుంది, వాడేసిన కోడు మళ్లీ పనిచేయదు. దాన్నీ మోసం చేయవచ్చని సెక్యూరిటీ పరిశోధకుడు సామీ కామ్‌కర్ 2015లో ఒక చిన్న పరికరంతో చూపించాడు. మీ సిగ్నల్ కారుకి చేరకుండా అడ్డుకుని, అదే సమయంలో రికార్డు చేసుకోవడం దాని కిటుకు. 2022లో కొన్ని హోండా మోడళ్లలో పాత కోడ్లు మళ్లీ చెల్లుతున్నాయని ఇంకో బృందం చూపింది. అయితే వీటితో తలుపు తెరుచుకుంటుందే గానీ, బండిని నడుపుకుపోవడానికి ఇమ్మొబిలైజర్ దాటాలి. అది వేరే తాళం: కీలోని చిప్‌ని గుర్తుపడితేనే ఇంజిన్‌ని స్టార్ట్ కానిస్తుంది. రిమోట్ సిగ్నళ్లని పట్టుకుని మళ్లీ పంపే ఫ్లిప్పర్ జీరో అనే బొమ్మలాంటి పరికరం మీద యూట్యూబ్‌లో జరిగే హడావుడి కూడా ఇంతే. కెనడా ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో దాన్ని నిషేధిస్తామని ప్రకటించింది గానీ, స్మార్ట్ కీ రిలేకి కావాల్సిన సామాను అందులో లేదు. రిమోట్ విషయంలో మీరు నిజంగా చూసుకోవాల్సింది జామర్, అంటే రిమోట్ సిగ్నల్‌ని అడ్డుకునే పరికరం. మాల్ పార్కింగ్‌లో మీరు నడుచుకుంటూ వెనక్కి చూడకుండా బటన్ నొక్కుతారు, పక్కన ఎవడో జామర్ ఆన్ చేసి ఉంటాడు, తాళం పడదు, ల్యాప్‌టాప్ పోతుంది. ఇండికేటర్లు మెరిశాయా, అద్దాలు మడుచుకున్నాయా అని ఒకసారి తిరిగి చూస్తే ఆ బెడద లేదు.

ఇప్పుడు తిప్పే కీ గురించి. దాని మీద మనకి ఎక్కడలేని నమ్మకం. అరిగిపోయిన కీతో పక్కవాళ్ల మారుతి 800 తెరిచి కూర్చున్న కథ ప్రతి కుటుంబంలో ఒకటి ఉంటుంది, అయినా సరే ఇనుప కీ అంటే గట్టిది అనుకుంటాం. కారు దొంగతనాలని నిజంగా తగ్గించింది ఆ ఇనుము కాదు, కీ తలలో దాగి ఉండే చిప్. ఇమ్మొబిలైజర్‌ని బ్రిటన్‌లో కొత్త కార్లకి 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి తప్పనిసరి చేశారు. 1990ల మొదట్లో ఇంగ్లండ్, వేల్స్‌లో తారస్థాయిలో ఉన్న కారు దొంగతనాలు ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు పడిపోయాయి. 2010ల మధ్య నుంచి మళ్లీ పెరగడం మొదలైంది, అందులో కీలెస్ వాటా ఉంది.

అమెరికాలో ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాదు. దాంతో అక్కడ అమ్మిన చాలా కియా, హ్యుందాయ్ బండ్లలో, ముఖ్యంగా 2011 నుంచి 2021 దాకా వచ్చిన చవక వేరియంట్లలో దాన్ని పెట్టలేదు. స్టీరింగ్ కింద కవర్ పీకి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పితే స్టార్ట్ అయ్యేవి. 2021లో మిల్వాకీ నగరంలో మొదలైన ఈ గోల 2022కల్లా టిక్‌టాక్ పుణ్యమా అని దేశమంతా పాకింది. ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. పోయినవన్నీ తిప్పే కీ బండ్లు. అవే మోడళ్లలో పుష్ బటన్ ఉన్న వేరియంట్లకి ఇమ్మొబిలైజర్ ఉంది కాబట్టి ఈ కిటుకు వాటి మీద పనిచేయలేదు. డబ్బు మిగులుతుందని, గట్టిదని కింది వేరియంట్ కొన్నవాళ్లే దెబ్బతిన్నారు. మన దేశంలో ఇప్పుడు అమ్మే తిప్పే కీ కార్లలో చిప్ సాధారణంగా ఉంటుంది కాబట్టి ఆ కథ ఇక్కడ యథాతథంగా జరగదు.

మన దగ్గర జరిగేది ఇది. ఆ మధ్య ఒక ఎస్‌యూవీని టోయింగ్ బండి మీద నా షాపుకి తెచ్చారు. తిప్పే కీ ఉన్న వేరియంట్. రాత్రి ఇంటి ముందు దొంగలు ప్రయత్నించి వదిలేసి పోయారు. వెనక తలుపు పక్కనుండే చిన్న అద్దం పగిలి ఉంది, సీటు సందుల్లో గాజు పలుకులు. అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టి తెరిచారన్నమాట. మన చాలా కార్లలో అలారం తలుపులు, డిక్కీ, బానెట్ తెరిస్తే మోగుతుంది గానీ అద్దం పగిలితే మోగదు. తలుపు తెరిచాక మోగకుండా హారన్ వైరు ముందే కత్తిరించి పెట్టుకున్నారు. డ్రైవర్ కుడి మోకాలి దగ్గర ఫ్యూజుల మూత ఊడి వేలాడుతోంది, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఒక పక్క క్లిప్పు విరిగింది. ఇగ్నిషన్‌లో ఏదో కుక్కి తిప్పినట్టు దాని ముఖమంతా నలిగిపోయింది. స్కానర్ పెట్టి ఇమ్మొబిలైజర్‌లో ఎన్ని కీలు నమోదయ్యాయో చూశాను. మూడు. ఓనర్ దగ్గరున్నవి రెండే. మూడోది దొంగ అక్కడికక్కడే నేర్పించిన కీ. ఇంజిన్ స్టార్ట్ అయింది కూడా. బండి కదలకపోవడానికి కారణం గేర్ రాడ్‌కి ఉన్న ఇనుప గేర్ లాక్, దాని మీద రంపం గీతలు కనిపిస్తున్నాయి.

ఓబీడీ అంటే సర్వీస్ సెంటర్‌వాళ్లు స్కానర్ తగిలించే సాకెట్. కొత్త కీని బండికి పరిచయం చేసేదీ దాని ద్వారానే. చాలా బండ్లలో అందుకు ఒక పిన్ కావాలి, అది కంపెనీ నుంచి రావాలి. కానీ బయట దొరికే కొన్ని టూల్స్ కొన్ని మోడళ్లలో కంపెనీని అడగకుండానే ఆ పని కానిచ్చేస్తాయి. ఆ టూల్స్ లేకపోతే కీ పోగొట్టుకున్నవాళ్లు షోరూమ్ చుట్టూ వారాలు తిరగాలి, కాబట్టి వాటికి నిజాయితీగల గిరాకీ ఉంది. వాటినే దొంగలూ కొంటారు. 2025 జూన్‌లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్‌లో ఒక క్రెటా నిమిషంలో పోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. అక్కడా ముందు అద్దం పగిలింది. రిలే చేసేవాడికి అద్దం పగలగొట్టే అవసరమే ఉండదు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

అయితే కీలెస్‌కి, తిప్పే కీకి తేడా లేదా అంటే ఉంది. సరిగ్గా ఈ దశలోనే ఉంది. తిప్పే కీ బండిలో కొత్త చిప్ నేర్పించాక కూడా ఇగ్నిషన్ తాళాన్ని, స్టీరింగ్ లాక్‌ని బలవంతంగా విరగ్గొట్టాలి. చప్పుడు, చెమట, సమయం. పుష్ బటన్ బండిలో కొత్త కీని ఒప్పుకున్నాక మిగతా తాళాలన్నీ బండే తీసి పెడుతుంది. ఆ రెండు మూడు నిమిషాల తేడా కీలెస్ వల్ల మీరు పోగొట్టుకునేది. నాన్నగారు గెలిచింది ఇక్కడ. కానీ ఆ తేడాని పూడ్చుకోవడానికి వేరియంట్ మార్చుకోనక్కర్లేదు, ఒక గేర్ లాక్ చాలు.

కీ జోలికే పోని పద్ధతి కూడా ఒకటుంది, పూర్తిగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. 2022లో లండన్‌లో ఒక సైబర్ సెక్యూరిటీ నిపుణుడి సొంత టయోటా రావ్4 పోయింది. పోయేముందు రెండుసార్లు ఎవరో బంపర్ కదిపి హెడ్‌లైట్ కనెక్టర్ ఊడదీశారు. ఆయన అల్లరి మూకల పని అనుకున్నాడు. ఆ వైర్లలోకి చొరబడి "సరైన కీయే ఉంది, తాళం తియ్యి" అని బండి లోపలి నెట్‌వర్క్‌కి దొంగ సందేశం పంపే పరికరాలు బ్లూటూత్ స్పీకర్ వేషంలో అమ్ముడవుతున్నాయని తర్వాత తేలింది. కెన్ టిండెల్ అనే ఇంజినీరు 2023లో దీన్ని విప్పి రాశాడు. కీని ఎన్ని డబ్బాల్లో దాచినా దీనికి అడ్డు లేదు.

కంపెనీలు ఊరికే కూర్చున్నాయా అంటే లేదు. రెండు రకాల మందులు వచ్చాయి. ఒకటి చవక మందు: కీలో కదలికని పసిగట్టే సెన్సర్ పెట్టి, కాసేపు కదలకపోతే దాన్ని నిద్రపుచ్చడం. ఫోర్డ్ 2019లో యూరప్ ఫియెస్టాకి ఇచ్చింది, 40 సెకన్లు కదలకపోతే కీ మూగబోతుంది. బల్ల మీదున్న కీకి ఇది బాగానే పనిచేస్తుంది. జేబులో పెట్టుకుని నడుస్తున్నప్పుడు కాదు. రెండోది అసలు మందు, అల్ట్రా వైడ్‌బ్యాండ్. దీంట్లో కారు సిగ్నల్ బలాన్ని చూడదు, అది పోయి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. మధ్యలో పెట్టెలు పెట్టి దారి పొడిగిస్తే ఆలస్యం తప్పదు, కారు పట్టేస్తుంది. జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2018 నుంచి ఈ కీలు ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త ఖరీదైన బండ్లలో ఫోనునే కీగా వాడే పద్ధతుల్లో కూడా ఇది వస్తోంది. టెస్లా మోడల్ ఎస్ కీలోని 40 బిట్ల బలహీనమైన కోడుని బద్దలు కొట్టామని బెల్జియం పరిశోధకులు 2018లో బయటపెట్టారు, అదే ఏడాది ఆ కంపెనీ స్క్రీన్ మీద పిన్ కొడితేనే బండి కదిలే ఏర్పాటు ఇచ్చింది. నా మటుకు నాకు ఇన్ని తంటాల కన్నా ఆ పిన్నే నచ్చుతుంది. మీ బడ్జెట్ కార్లకి అది ఎప్పుడు వస్తుందో మరి.

మీరు చేయాల్సింది ఇప్పుడు చెబుతాను. అన్నిటికన్నా ముందు గేర్ లాక్. స్టీరింగ్‌కి తగిలించే రాడ్డు కన్నా బండి బాడీకి బిగించే గేర్ లాక్ మేలు, ఆటోమేటిక్ గేర్‌కీ దొరుకుతుంది. డెలివరీ రోజే వేయించుకోండి. "రేపు వేయిద్దాం" అనుకున్నవాళ్లెవరూ వేయించుకోరు. వేయించుకుని తాళం వేయనివాళ్ల గురించి ఏం చెప్పమంటారు.

కీని సిగ్నల్ బయటికి పోని పౌచ్‌లో పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో సగం ఉత్త రెక్సిన్ సంచులే, కాబట్టి కొన్నాక పరీక్షించండి: కీ అందులో వేసి, మూసి, చేత్తో పట్టుకుని కారు హ్యాండిల్ బటన్ నొక్కండి. తెరుచుకుందంటే పౌచ్ దండగ. మంచి పౌచ్ అయినా మడతల దగ్గర లోపలి పొర చిరిగిపోతుంది, అప్పుడప్పుడు మళ్లీ చూడండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా కూడా పనిచేయవచ్చు, దానికీ ఇదే పరీక్ష. మైక్రోవేవ్‌లో పెట్టమని ఎవరో సలహా ఇస్తుంటారు, ఇంట్లో ఎవరో ఒకరు తెలియక ఆన్ చేస్తారు, ఆ పని చేయొద్దు. బీరువాలో ఉన్న రెండో కీని మర్చిపోకండి. దాని బ్యాటరీ తీసేసి పెట్టినా సరిపోతుంది. చాలా టయోటా స్మార్ట్ కీలలో లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే చిన్న లైటు నాలుగుసార్లు మెరిసి కీ నిద్రపోతుంది, ఉదయం ఏదో ఒక బటన్ నొక్కితే లేస్తుంది. గ్లాన్జా, హైరైడర్ బ్యాడ్జి టయోటాదే అయినా లోపల సుజుకి బండ్లు, వాటికి ఇదే కిటుకు పనిచేస్తుందని అనుకోకుండా మాన్యువల్ చూడండి.

ఓబీడీ సాకెట్‌కి ఇనుప పెట్టెలాంటి లాక్ వస్తుంది, అదొక అడ్డు. జీపీఎస్ ట్రాకర్ పెట్టిస్తే ఓబీడీకి గుచ్చే రకం మాత్రం వద్దు, దొంగ మొట్టమొదట పీకేది దాన్నే. లోపల ఎక్కడో దాచి, సొంత బ్యాటరీ ఉన్నది పెట్టించండి. ఫ్యూయల్ పంపుకి సీక్రెట్ స్విచ్ పెట్టించుకోవడం మన మెకానిక్కులకి ఇష్టమైన వైద్యం. పనిచేస్తుంది, కాదనను. కానీ కొత్త బండిలో వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ మీద షోరూమ్‌వాళ్లు పేచీ పెడతారు, అతుకు సరిగా వేయకపోతే స్విచ్ వల్లే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. వారంటీ ఉన్నంతకాలం వద్దనే నా మాట.

ఇవన్నీ ఒక ఎత్తు, మనం కీ ఎవరి చేతిలో పెడుతున్నామన్నది ఒక ఎత్తు. ఫంక్షన్ హాలులో బండి పార్క్ చేసిపెట్టే వాలెట్, కార్ వాష్ కుర్రాడు, రెండు రోజులు బండి వదిలిన గ్యారేజీ. రిలే పెట్టె కన్నా వీటి గురించి నాకు ఎక్కువ టెన్షన్. వాలెట్‌కి ఇంటి తాళాల గుత్తితో సహా కీ ఇచ్చేస్తారు, గ్లవ్ బాక్స్‌లో ఆర్సీ జిరాక్స్ మీద అడ్రసు ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొంటే మొదటివారంలోనే కీలన్నీ చెరిపించి, మీ దగ్గరున్న రెండింటినే మళ్లీ నమోదు చేయించండి. తాము అమ్మిన కారునే దాచుకున్న కీతో, లోపల దాచిన జీపీఎస్‌తో వెతుక్కుని ఎత్తుకుపోయిన ఘనులు మన దేశంలో పట్టుబడ్డారు. ఎన్ని కీలు నమోదయ్యాయో చూడటం స్కానర్ ఉన్నవాడికి చిటికెలో పని, మీరు పక్కనుండి అంకె చూసి రండి. ఒక కీ పోగొట్టుకుంటే కూడా కొత్తది చేయించడంతో ఆగకండి, పోయినదాన్ని బండి మెమరీలోంచి తీసేయించండి. ఎక్కువమంది ఈ రెండో పని వదిలేస్తారు.

ఇన్సూరెన్సుకి కీలతో నేరుగా సంబంధం ఉంది కాబట్టి ఆ మాట కూడా. థర్డ్ పార్టీ పాలసీలో దొంగతనానికి పైసా రాదు, కాంప్రహెన్సివ్ ఉండాలి. క్లెయిమ్ వేస్తే కంపెనీవాళ్లు రెండు కీలూ అడుగుతారు. ఒక్కటే ఇస్తే, రెండోది ఏమైందో, పోయినప్పుడు పోలీసులకి చెప్పారో లేదో అని సాగదీస్తారు. కీ పోయిన రోజే ఫిర్యాదు రాయించి కాపీ దాచుకోవాలి. కీ రీప్లేస్‌మెంట్ అని ఒక యాడ్ ఆన్ ఉంటుంది, స్మార్ట్ కీల ధరకి అది తీసుకోదగ్గదే. బండి పోతే ముందు పోలీస్ స్టేషన్, వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీ. ఎఫ్ఐఆర్ వెంటనే నమోదై, కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, అయినా ఆలస్యం చేసి కోర్టు దాకా వెళ్లడం ఎందుకు. కీ బండిలోనే వదిలి దిగడం మాత్రం ఖరీదైన అలవాటు. డ్రైవర్ ఇగ్నిషన్‌లో కీ వదిలి దిగాక పోయిన ఒక ట్రక్కు కేసులో 2023లో అదే కోర్టు 75 శాతమే ఇప్పించింది. స్మార్ట్ కీని కప్ హోల్డర్‌లో పడేసి టీ తాగడానికి దిగేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన తీర్పు అది.

అయితే ఏ వేరియంట్ కొనాలి? టాప్ వేరియంట్‌లో మీకు కావాల్సినవి, ముఖ్యంగా ఎక్కువ ఎయిర్‌బ్యాగులో ఇంకేవో ఉంటే అదే తీసుకోండి, కీ ఒక్కదాని కోసం కిందికి దిగకండి. రాత్రి కీ హాల్లోంచి లోపలి గదిలోకి, పౌచ్‌లోకి మారాలి. గేర్ లాక్ పడాలి. నాన్నగారికి గేర్ లాక్ తాళం ఇచ్చి రోజూ వేసే పని ఆయనకే అప్పగించండి, ఆయన వేస్తారు. షోరూమ్‌లో "ఈ కీకి మోషన్ సెన్సర్ ఉందా" అని అడిగితే సేల్స్ అబ్బాయి తెల్లమొహం వేస్తాడు, కాబట్టి బుకింగ్‌కి ముందే ఓనర్స్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని స్మార్ట్ కీ అధ్యాయం చదవండి. మీరు చూస్తున్న మోడల్, సంవత్సరం ఇక్కడ రాస్తే ఆ కీ నిద్రపోయే రకమా కాదా, దాని గేర్ లాక్ ఎక్కడ బిగిస్తారు అన్నది నాకు తెలిసినంతవరకు చెబుతాను.